నేను సుల్తాన్‌ని కొన్న వైనం

నా జీవితంలో నేను ఒకే ఒక్క గుర్రాన్ని కొన్నాను. దానివల్ల ఒక కరివేపాకు చెట్టు, ఒక ఇనప గేటు, మా ఇంటి ఓనరమ్మగారి రెండు చీరలు నాశనమయ్యాయి. నా పెళ్ళి కూడా ఆ జాబితాలో చేరవలసిందే, కొద్దిలో తప్పింది. నవ్వదలచుకున్నవాళ్ళు మొహమాటపడనక్కర్లేదు. మా ఇంట్లో వాళ్ళు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, నాకు అలవాటైపోయింది.

అవి సికింద్రాబాదులో సగం మంది జావా నేర్చుకుంటూ, మిగతా సగం మంది వాళ్ళకు నేర్పుతూ ఉన్న రోజులు. విజయనగరం నుంచి వచ్చిన నేను ఆ రెండు సగాల మధ్యలోంచి ఎలాగో జారి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పడ్డాను. పద్మారావు నగర్‌లో మేడమీద ఒక గది, చేతిలో ఇటుకంత మొబైల్ ఫోను. మొదటి జీతం అందుకున్న రోజు నుంచీ ఈ ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్న గట్టి అభిప్రాయంలో ఉండేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ వయసులో ఆ అభిప్రాయం కలగనివాళ్ళు ఉంటే చెయ్యెత్తండి.

మా చర్చి పాస్టరుగారు ఒక సంబంధం తెచ్చారు. అమ్మాయి పేరు కరుణ. బడిలో లెక్కలు చెబుతుంది. వాళ్ళ నాన్న దేవసహాయంగారు సైన్యంలో గుర్రాలను చూసుకునే విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవారు. పెళ్ళిచూపులకు వెళ్తే ఆయన నా జీతం అడగలేదు, చదువు అడగలేదు. నన్ను కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా ఒకసారి చూసి, "గుర్రం ఎక్కావా ఎప్పుడైనా?" అన్నారు.

ఎదురుగా కరుణ కేకు ముక్కల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. నేను "లేదండీ" అందామనే నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి బయటికొచ్చిన మాట వేరు.

"భలేవారే! మా విజయనగరంలో నడక రాకముందే ఎక్కిస్తారండీ."

"అలాగా! మరి ఇక్కడ ఏ గుర్రం మీద తిరుగుతున్నావు?"

"ఇంకా కొనలేదండీ. ఈ నెల్లోనే కొంటున్నాను."

పాస్టరుగారు పైకప్పు వంక చూశారు. దేవసహాయంగారు మాత్రం సంతోషించారు.

"కొను బాబూ. కొన్నాక వచ్చి చూస్తాను. నాకు మనుషుల్ని చూస్తే ఏమీ తెలీదు. వాళ్ళు కొన్న గుర్రాన్ని చూస్తే మాత్రం మొత్తం తెలిసిపోతుంది. అప్పుడు మాట్లాడుకుందాం."

కరుణ నా వంక చూసింది. ఆ చూపు ప్రేమ అనుకుని నేను వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. అది జాలి అని పెళ్ళయ్యాక చెప్పింది.

మా ఆఫీసు దగ్గర టీ కొట్టాయన నాకు యాదగిరిని పరిచయం చేశాడు. యాదగిరి పాత స్కూటర్లు, ఇళ్ళ స్థలాలు, గుర్రాలు అమ్మిపెట్టే మధ్యవర్తి. మూడింటికీ ఒకే రకంగా మాట్లాడతాడు. "సింగిల్ హ్యాండ్ సార్, కాగితాలన్నీ క్లియర్ ఉన్నయ్" అంటూ నన్ను రాంగోపాల్‌పేట్‌లో ఒక కట్టెల అడితి వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక తెల్లగుర్రం గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఎందుకలా ఆనుకుంది?"

"రెస్టు తీస్కుంటున్నది సార్. పొద్దుగాల్నే పది కిలోమీటర్లు ఉరికొచ్చింది."

"కొంచెం ఇవతలికి తీసుకురండి, నడక చూద్దాం."

తీసుకొచ్చారు. అది నాలుగడుగులు వేసి నన్ను ఆనుకుంది.

"చూసిన్రా సార్? మీరంటే మస్తు ఇష్టమైంది దానికి."

నేను ఊపిరి ఆడక పక్కకు తప్పుకుని, "దాని రెండో వైపు కూడా చూడాలి" అన్నాను. నేను ఎటు తిరిగితే యాదగిరి గుర్రాన్ని అటే తిప్పుతున్నాడు.

"ఇటు సైడు ఎట్లున్నదో అటు సైడు సుత గట్లనే ఉంటది సార్! రెండు సైడ్లు ఒక్క గుర్రానివే కదా!"

అయినా పట్టుబట్టి చూశాను. రెండో వైపు కన్ను లేదు.

"ఏందీ, కన్నా?" అని యాదగిరి నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "నిన్నటి దాకా ఉండె సార్."

మోసాన్ని కనిపెట్టానన్న గర్వంతో ఛాతీ ఉబ్బించుకుని బయటికొచ్చాను. నా పతనం సరిగ్గా ఇక్కడే మొదలైంది. ఒక్క మోసం పట్టుకున్నవాడు ఇక మోసాలన్నీ తనకు తెలిసిపోయాయనుకుంటాడు.

మధ్యవర్తులు లేకుండా నేనే కొనేద్దామని, ఎవరో చెబితే మౌలాలి వెళ్ళి ఖాదర్ భాయ్‌ని కలిశాను. ఆయన దగ్గర నాలుగు గుర్రాలు శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నేను వెతుకుతున్న గుర్రం అందులో ఒకటని ఎవరికైనా తెలుస్తుంది.

"మీకు గుర్రమెందుకు సాబ్?" అన్నాడాయన.

"ఎక్కడానికి."

"వస్తదా ఎక్కనీకి?"

"నేర్చుకుంటాను."

"అయితే ముందు నేర్చుకోండ్రి. రోజూ పొద్దున రండి, నేనే చూపిస్త. పైసలొద్దు. నేర్చుకున్నంక కొనాల్నా వద్దా మీకే సమజైతది. ఇప్పుడు కొంటే గుర్రానికీ తక్లీఫ్, మీకూ తక్లీఫ్."

గుర్రాలు అమ్మేవాడు గుర్రం కొనొద్దంటున్నాడు! ఇందులో ఎంత లోతైన కుట్ర ఉందో నాకు క్షణంలో అర్థమైపోయింది. మంచి గుర్రాన్ని వేరే ఎవరి కోసమో దాచిపెట్టి నన్ను వదిలించుకుంటున్నాడు. "ఇలాంటివి చాలా చూశాంలెండి" అని ఒక చిరునవ్వు నవ్వి వచ్చేశాను. నాకు ఎదురైన ఒకే ఒక్క నిజాయితీపరుడిని మోసగాడిగా గుర్తించిన ఘనత అలా నాకు దక్కింది.

ఆఫీసులో మేము ఏ ప్రోగ్రాము రాసినా దాన్ని పరీక్షించడానికి ఒక ప్రశ్నల పట్టిక తయారుచేసేవాళ్ళం. అదే పద్ధతిలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, గుర్రానికి ఇరవై మూడు ప్రశ్నలు రాసి ప్రింటు తీశాను. ఇది చేతిలో ఉంటే నన్నెవరు మోసం చేస్తారని మళ్ళీ యాదగిరి దగ్గరికే వెళ్ళాను. ఈసారి అతను చూపించిన గుర్రం నల్లగా, ఒడ్డూ పొడుగూతో, నుదుట తెల్లమచ్చతో, పొట్ట నిండుగా ఉంది. కదలదు, మెదలదు. ధ్యానంలో ఉన్నట్టు కళ్ళు అరమూసుకుని ఉంది.

"పేరు సుల్తాన్ సార్. రేసుల్ల ఉరికిన గుర్రం."

పట్టిక తీశాను.

"వయసు ఏడేళ్ళ లోపేనా?"

"లోపే సార్."

"ఎవరినైనా కరిచిందా, తన్నిందా?"

"దానికి తన్నుడే తెల్వది సార్."

"దురలవాట్లు ఏవైనా ఉన్నాయా?"

యాదగిరి తల దించుకున్నాడు. "అబద్ధమెందుకు చెప్పాలె సార్. ఒకటున్నది. జెర ఎక్కువ తింటది. పొట్ట చూసిన్రు కదా."

ఆ ఒక్క జవాబుతో అతని మీద నమ్మకం కుదిరిపోయింది. ఇరవై మూడుకీ టిక్కులు పెట్టి, కింద సుల్తాన్ అనే మగ గుర్రాన్ని అమ్ముతున్నట్టు రాసి అతని చేత సంతకం పెట్టించాను. పళ్ళు చూడాలని ఎక్కడో చదివాను కాబట్టి నోరు తెరిపించి చూశాను. పళ్ళున్నాయి. పళ్ళను బట్టి వయసు కడతారనీ, ఉన్నాయా లేవా అని చూడడానికి కాదనీ తర్వాత తెలిసింది. ఇక శరీరంలో మిగతా భాగాలు పరిశీలించాలన్న ఆలోచన నాకు రాలేదు. సండే స్కూల్లో పెరిగినవాణ్ణి, కొన్ని చోట్ల చూడడం మర్యాద కాదనుకున్నాను. అది గుర్రమైనా సరే.

కొత్త కంప్యూటరు కోసం దాచుకున్న డబ్బుతో సుల్తాన్‌ని కొని, పద్మారావు నగర్‌లో మా ఇంటి కారు పార్కింగులో కట్టేశాను. ఇంటి ఓనరమ్మ సుశీలమ్మగారు వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"ఏందయ్యా ఇది?"

"గుర్రమండీ."

"కండ్లు లేవా నాకు? అగ్రిమెంట్ల ఏం రాసినం?"

"కుక్కలూ పిల్లులూ పెంచకూడదని రాశారండీ. గుర్రం లేదు."

"గుర్రం సంగతి ఎవ్వరికి యాదికొస్తదయ్యా!"

ఆ రోజు శనివారం. దేవసహాయంగారికి ఫోన్ చేసి, మర్నాడు చర్చి అయ్యాక గుర్రాన్ని చూడడానికి రమ్మని దర్జాగా ఆహ్వానించాను.

ఆదివారం పొద్దున్నే కింద ఎవరో ఇల్లు పడగొడుతున్న చప్పుడైంది. పరిగెత్తాను. సుల్తాన్ ధ్యానం వదిలిపెట్టింది. వెనక కాళ్ళతో గేటును తంతోంది. గేటు ఒక రెక్క అప్పటికే వీధిలో ఉంది. కరివేపాకు చెట్టు ఉన్న చోట మోడు ఉంది. ఆరేసిన చీరల్లో ఒకటి దాని కాళ్ళ కింద, ఇంకొకటి సగం దాని నోట్లో. సుశీలమ్మగారు మేడ మెట్ల మీద నిలబడి దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తున్నారు. నేను ఆ మెట్ల మీదే ఆవిడ వెనక్కి చేరి యాదగిరికి ఫోన్ చేశాను.

"యాదగిరీ! తన్నడమే తెలియదన్నావు, గేటు విరగ్గొట్టింది!"

"రాత్రి ఏం పెట్టిన్రు సార్?"

"గడ్డి."

"గడ్డొక్కటేనా? కల్లు పొయ్యలే?"

"కల్లా?"

"అలవాటు సార్ దానికి. పొద్దుకొక కుండ పోస్తే లేగదూడ లెక్కనే ఉంటది. లేకుంటే పరేషాన్ చేస్తది."

"దురలవాట్లు ఉన్నాయా అని అడిగానుగా!"

"కల్లు దురలవాటేంది సార్? మా నాయిన సుత తాగుతడు."

టైము చూశాను. చర్చి ముగియడానికి ఇంకా గంటన్నర ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక మందు వాసన చూసినవాణ్ణి కాను. పెళ్ళిచూపుల్లో పాస్టరుగారు నా గురించి చెప్పిన మొదటి సుగుణం అదే. అలాంటివాణ్ణి ఆదివారం పూట చర్చి మానేసి, ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని కల్లు కంపౌండుకు బయల్దేరాను. అక్కడ వరుసలో నిలబడినప్పుడు నా ముందున్న పెద్దాయన, "కొత్తగా షురూ చేసినవా బిడ్డా?" అని ఆప్యాయంగా అడిగాడు.

డబ్బా నింపుకుని ఇంటి మలుపు తిరిగేసరికి, గేటు ఉండవలసిన చోట దేవసహాయంగారూ కరుణా నిలబడి ఉన్నారు. ఆ రోజు ప్రసంగం త్వరగా ముగిసిందట.

"ప్రసాద్, చర్చిలో కనబడలేదే? ఆ చేతిలో ఏమిటి?" అన్నారాయన.

"కల్లండీ."

"ఎవరికి?"

"గుర్రానికండీ."

నేను దేవసహాయంగారితో పలికిన మొట్టమొదటి నిజం అది. ఆయన నమ్మలేదు.

చొక్కా చేతులు మడుచుకుని, నాలుకతో ఏదో చిన్న చప్పుడు చేస్తూ సుల్తాన్ దగ్గరికి నడిచారు. మెడ మీద చెయ్యి వేశారు. ఇల్లు కూల్చడానికి సిద్ధంగా ఉన్న గుర్రం ఆయన భుజం మీద తల ఆనించి నిలబడిపోయింది. ఆయన నోరు తెరిపించి చూశారు. పొట్ట నిమిరారు. వంగి, నేను మర్యాద కోసం చూడని చోటు చూశారు. లేచి నిలబడ్డారు.

"దీని పేరేమన్నావు?"

"సుల్తానండీ."

"ఎవరు పెట్టారు?"

"అమ్మినతను."

"ఇది ఆడగుర్రం."

మెట్ల మీద సుశీలమ్మగారు దేవుళ్ళను పిలవడం ఆపారు.

"వయసు పన్నెండేళ్ళకు తక్కువ ఉండదు. పైగా చూడితో ఉంది. ఏడో నెలో, ఎనిమిదో నెలో. చూడి గుర్రానికి కల్లు పోద్దామని బయల్దేరావా?"

ఆ గొంతులో కోపం వింటే నా పని అయిపోయిందని తెలిసింది. ఇంక దాచడానికేం మిగిలింది? డబ్బా కింద పెట్టి అంతా చెప్పేశాను. నేను ఏనాడూ గుర్రం ఎక్కలేదనీ, పెళ్ళిచూపుల్లో కరుణ కేకు పట్టుకుని నిలబడ్డప్పుడు నోరు దానంతటదే అబద్ధమాడిందనీ, ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికే ఇదంతా అనీ. జేబులోంచి ప్రశ్నల పట్టిక తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఇరవై మూడూ చదివారు.

"అన్నిటికీ సరే అన్నాడా?"

"అన్నాడండీ."

"నువ్వు నమ్మావా?"

"టిక్కు పెట్టుకున్నానండీ."

ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కరుణ చేతికిచ్చారు.

"అమ్మా, ఇతను జన్మలో ఎవర్నీ మోసం చెయ్యలేడు. అంత తెలివి లేదు. భయం లేకుండా చేసుకోవచ్చు."

"మరి గుర్రమెక్కానని అబద్ధం చెప్పాడుగా నాన్నా?" అంది కరుణ.

"అదీ ఒక అబద్ధమేనా? ఆ రోజు వీధి గుమ్మం దాకా సాగనంపుతూ, గుర్రాన్ని ఏ పక్కనుంచి ఎక్కుతావు బాబూ అని అడిగాను. ముందు నుంచి అన్నాడు."

ఆ రోజు సాయంత్రమే దేవసహాయంగారు సుల్తాన్‌ని మెల్లగా నడిపించుకుంటూ మౌలాలి తీసుకెళ్ళి ఖాదర్ భాయ్‌కి అప్పగించారు. ఖాదర్ భాయ్ నన్ను చూసి కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. తిట్టి ఉంటే బాగుండేది. మూడు నెలలకు, మా పెళ్ళైన పది రోజులకు, అది చక్కటి గోధుమరంగు పిల్లను కన్నది.

సంగతి ఎలా తెలిసిందో, యాదగిరి మా ఇంటికి వచ్చాడు.

"సార్, మనం ఒక్క గుర్రానికే కదా బేరం చేసుకున్నది? లోపలున్నది బేరంల లేదు. పిల్ల నాది."

నిజం చెప్పొద్దూ, అతని మాట నాకు న్యాయంగానే తోచింది. "అదీ నిజమే కదా" అని నేను అంటుండగానే కరుణ లోపల్నుంచి ఆ కాగితం పట్టుకుని వచ్చింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడమ్."

"సుల్తాన్ అనే మగ గుర్రాన్ని అమ్ముతున్నట్టు రాసుంది. ఆ గుర్రం మాకింకా అందలేదు. ముందు దాన్ని తెచ్చివ్వండి. ఆ తర్వాత ఈ తల్లినీ పిల్లనూ మీరే తీసుకుపోవచ్చు."

యాదగిరి కాగితం వంక చూశాడు, కరుణ వంక చూశాడు, చివరికి నా వంక చాలా జాలిగా చూశాడు.

"ఇగ నుంచి బేరాలు మేడమ్‌నే చెయ్యనియ్యుండ్రి సార్," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను భార్య సమక్షంలో, మామగారి సాక్షిగా, పూర్తి స్పృహతో ఒక ప్రతిజ్ఞ చేశాను. ఈ ప్రాణం ఉండగా నాలుగు కాళ్ళున్న దేన్నీ నేను బేరం చెయ్యను, కొనను, కొనేవాళ్ళకు సలహా ఇవ్వను. ఇప్పటి దాకా ఆ మాట తప్పలేదు. పోయిన నెల డైనింగు టేబులు కొనడానికి వెళ్ళినప్పుడు కూడా కరుణ లోపల బేరమాడుతుంటే, నేను కొట్టు బయట ఫుట్‌పాత్ మీద రెండు గంటలు నిలబడ్డాను.