మెడకి రాసిన గంధం

ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లలో మా పక్కింటి సుబేదారు గారి భార్యను ఆంటీ అని పిలిచేదాన్ని. ఆవిడ మెడ మీద చర్మం వదులై మడతలు పడి, లేత పసుపు గింజలు తేలి ఉండేది. చర్మం సాగేందుకు ఉండే పోగుల మీద ఏదో ప్రొటీన్ పేరుకుపోయే అరుదైన జబ్బని, అది అంటుకోదని డాక్టర్లు చెప్పారట. అయినా పేరంటాల్లో ఆవిడ కాళ్లకు పసుపు రాసినవాళ్లు, గంధం మాత్రం చేతికి అద్ది పక్కకు జరిగిపోయేవారు.

ఆవిడ ఊరుకునే మనిషి కాదు. గడ్డం పైకెత్తి, "చేతికి కాదమ్మా, మెడకి రాయి" అనేది. రాసేదాకా గడ్డం దించేది కాదు.

తొంభైల్లో, పెళ్లయి నేను అక్కడికొచ్చిన ఏడాది, మా ఇంటి వరలక్ష్మీ వ్రతంలోనూ అలాగే గడ్డమెత్తింది. నేను గంధం గిన్నె పట్టుకుని ఆగాను.

"నొప్పి పుడుతుందేమో ఆంటీ."

"నొప్పీ లేదు, ఏమీ లేదు. బాగా రాయి. మడతలున్నాయిగా, మీకంటే నాకే ఎక్కువ పడుతుంది" అంది నవ్వుతూ.

మర్నాడు పొద్దున్నే పాల బూత్ దగ్గర వరసలో నిలబడ్డాం. మా అందరి గంధం అప్పటికే పోయింది. ఆవిడ మడతల్లోది మాత్రం ఇంకా ఘుమఘుమలాడుతోంది. వెనకున్న పంజాబీ ఆవిడ "దీదీ, యే ఖుష్బూ కహాఁ సే?" అంటూ ఆ వాసన ఎక్కడిదో పట్టుకోవాలని ముందుకు వంగింది.

ఆంటీ గడ్డం పైకెత్తింది.