ఫొటోకి ఆగని చేప

వాటర్లూలో సిటీ బస్సు నడిపే ఝాన్సీలక్ష్మిని చేపల వేటకు లాగింది ఆమె బస్సెక్కే ఒక ముసలాయనే. పేరు డగ్. రిటైరైన వడ్రంగి. వేసవి వచ్చిందంటే గాలం కర్ర ఒడిలో పెట్టుకుని ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చునేవాడు. ఒకరోజు దిగబోతూ అన్నాడు:

“నువ్వు బ్రేకు వేస్తే నా కాఫీ తొణకదు. అంత నెమ్మదైన చేతులు బస్సుకే ఎందుకు? ఆదివారం చెరువుకి రా.”

ఝాన్సీలక్ష్మి వెళ్లింది. ఏదైనా వద్దనడానికి ముందు ఒకసారి చేసి చూడాలన్నది ఆమె పద్ధతి. బస్సు ఉద్యోగానికీ అలాగే వెళ్లింది. “ఇంత పెద్ద బండి నీవల్ల అవుతుందా?” అని భర్త అమరేశ్వరరావు అడిగితే, “స్టీరింగు గుండ్రంగానే ఉంటుందిగా” అంది. ట్రైనింగులో ఫస్ట్ వచ్చింది.

చెరువు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. కాయక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చునే సన్నటి ప్లాస్టిక్ పడవ. మొదటిరోజు అందులో కాలు పెట్టగానే అది పక్కకి జారుకుంది, ఆమె మోకాల్లోతు నీళ్లలో కూలబడింది. ఒడ్డునున్న వాళ్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా ఆమే నవ్వి, లైఫ్ జాకెట్ బిగించుకుని మళ్లీ ఎక్కింది.

ఆమె పట్టేది బ్యాస్ అనే చేపని. అచ్చం మన కొర్రమీనులాగా నాచులోనో, విరిగిపడ్డ చెట్టు కిందో మాటువేసి, ఎదురుగా వచ్చినదాన్ని గుటుక్కున మింగే రకం. దానికి ఎర మెత్తటి రబ్బరు వానపాము. గాలం ముల్లు సరిగ్గా దాని నడుముకు గుచ్చి వదిలితే, రెండు కొసలూ అల్లల్లాడుతూ మెల్లగా మునుగుతుంది. కొత్తవాళ్లు ఆగలేక తాడు లాగేస్తారు. ఝాన్సీలక్ష్మి లాగదు. చూపుడువేలు తాడుకి ఆనించి ఊరుకుంటుంది. వేలికి టిక్కుమని చిన్న కదలిక తెలుస్తుంది, లేదా నీటి మీద తాడు ఉన్నట్టుండి పక్కకి జరుగుతుంది. అప్పుడు వదులుగా ఉన్న తాడు చుట్టేసి కర్ర ఎత్తిందంటే చేప దొరికినట్టే. మూడు వేసవులు తిరిగేసరికి, డగ్ పట్టలేని రోజున కూడా ఆమె పట్టేది.

ఆ ఏడు వసంతంలో భీమవరం నుంచి అత్తగారు ఈశ్వరమ్మ వచ్చింది. కోడలు చేపలు పడుతుందని విని మహా సంబరపడి, వెంట చింతపండు కూడా తెచ్చుకుంది. మొదటి ఆదివారం కోడలు ఖాళీ చేతుల్తో ఇల్లు చేరేసరికి ఆవిడకి అర్థం కాలేదు.

“ఒక్కటీ పళ్లేదా?”

“పడ్డాయి అత్తయ్యా. ఐదు.”

“మరేవీ?”

“వదిలేశాను.”

ఈశ్వరమ్మ సోఫాలో కూలబడింది. “వదిలేశావా! పట్టిన చేపని నీళ్లలో వదలడమేంటే? దాని నోరు నొప్పి, నీ చెయ్యి నొప్పి. తింటానికి కాపోతే మరెందుకు?”

“పెద్ద బ్యాస్ గుడ్లు పెట్టే చేపలు. అవుంటేనే చెరువుంటుంది. మీకు పెర్చ్ తెస్తాగా, చిన్న చేపలు, పులుసుకి బాగుంటాయి.”

అన్నట్టే తెచ్చింది. ఈశ్వరమ్మ పులుసు పెట్టింది, తిన్నది, బాగుందని ఒప్పుకుంది. ఆ పట్టి వదిలే వ్యవహారం మాత్రం ఆవిడకి మింగుడుపడలేదు. ఫోన్‌లో చెల్లెలితో, “మా కోడలు బంగారమే కానీ, చేపల దగ్గర కాస్త తిక్క” అని చెప్పేది.

జులైలో కాయక్ క్లబ్బు వాళ్ల పోటీ వచ్చింది. పట్టిన చేపని కొలబద్ద చెక్కమీద పడుకోబెట్టి ఫొటో తీయాలి, వెంటనే వదిలేయాలి. ఎవరి మూడు పెద్ద చేపల పొడవు కలిపి ఎక్కువొస్తే వాళ్లదే గెలుపు. ఆ ఏడు ఫొటోలు చూసే జడ్జి డగ్. భుజం పట్టేయడంతో కర్ర పట్టలేక ఒడ్డునే కూర్చున్నాడు. అతని పక్కనే మడత కుర్చీ వేసుకుని ఈశ్వరమ్మ. ఇంట్లో ఒక్కతే ఉండలేక వచ్చానంది గానీ, బైనాక్యులర్స్ మాత్రం మర్చిపోకుండా తెచ్చుకుంది.

పొద్దున్నే ఝాన్సీలక్ష్మికి రెండు మంచి చేపలు పడ్డాయి. తర్వాత గాలి లేచింది. మిగతావాళ్లు గాలి తగలని మూలలకి పోతే, ఆమె ఒడ్డుకి దగ్గర్లో కలువాకుల అంచున చిన్న లంగరు వేసుకుంది. గాలికి పైకి వచ్చిన చిన్న చేపలు అక్కడికే కొట్టుకొస్తాయని, వాటి వెనకే బ్యాస్ వస్తుందని ఆమె లెక్క.

వానపాము ఆకుల సందున మునిగింది. వేలికి ఏమీ తెలియలేదు. తాడు మాత్రం మెల్లగా ఎడమకి నడవసాగింది. ఆమె కర్ర ఎత్తగానే అవతల ఎవరో తలుపు మూసినట్టు బరువు తగిలింది. లంగరుతో సహా కాయక్ గిర్రున తిరిగింది. చేప నీళ్ల పైకి లేచి, నోరంతా తెరిచి తల విదిలించి మళ్లీ పడింది. ఒడ్డున ఈశ్వరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఝాన్సీలక్ష్మి తొందరపడలేదు. చేప లాగితే తాడు ఇచ్చింది, అలిసిపోతే చుట్టింది. చివరికి కింది దవడ బొటనవేలితో పట్టి ఎత్తింది. తన జన్మలో అంత పెద్ద బ్యాస్ చూడలేదు. ఒళ్లోని చెక్కమీద పడుకోబెట్టి, ఒక చేత్తో అదిమి, రెండో చేత్తో ఫోన్ ఎత్తింది.

చేప ఒక్క కొట్టు కొట్టింది. చెక్క ఎగిరింది, చేప నీళ్లలో పడింది, అంతే.

ఆమె కాసేపు ఖాళీ చెక్కవైపు చూసింది. ఏడుపు రాలేదు. “ఎంత బలం తల్లీ నీకు!” అంది పైకే, మెచ్చుకోలుగా.

ఒడ్డున మాత్రం గొడవ మొదలైంది. ఈశ్వరమ్మ డగ్ ఎదుట నిలబడి రెండు చేతులూ బారచాపి తెలుగులోనే వాదిస్తోంది. “నా కళ్లతో చూశాను బాబూ! ఇంతుంది! రాసుకో!” డగ్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నిస్సహాయంగా తలూపుతున్నాడు. ఝాన్సీలక్ష్మి కాయక్‌ని ఒడ్డు దగ్గరికి తెడ్డు వేసుకుంటూ వచ్చింది.

“అత్తయ్యా, ఫొటో లేకపోతే లెక్కలోకి రాదు. ఆయన తప్పేం లేదు.”

“అదేం రూలే? నేను సాక్ష్యం ఉన్నాగా!”

“ఉన్నారు. నాకది చాలు. ఇంకా టైముంది, మూడోది పట్టుకొస్తాను.”

ఈసారి కలువాకుల దగ్గరికి పోలేదు. అంత అలజడి తర్వాత అక్కడ ఇంకో చేప నోరు తెరవదని ఆమెకి తెలుసు. గాలికి ఎదురుగా తెడ్డు వేసి, అవతలి ఒడ్డున నీళ్లలోకి ఒరిగిన చెట్టు చేరింది. చేతులు లాగేస్తున్నా వానపామును కొమ్మల నీడలోకి సరిగ్గా విసిరింది. మూడో విసురుకి చేప పడింది. మరీ పెద్దది కాదు, గట్టి చేప. ముందు చెక్కని తడిపి, మోకాళ్ల మధ్య బిగించుకుని, అప్పుడు ఫొటో తీసింది.

ఝాన్సీలక్ష్మి రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానానికి బొటనవేలంత తక్కువ. డగ్ కప్పు చేతికిస్తూ, “ఈ భుజంతో కొత్తవాళ్లకి నేను నేర్పలేను. వచ్చే నెల నుంచి క్లాసు నువ్వు తీసుకుంటావా?” అని అడిగాడు.

“తీసుకుంటాను” అంది ఆమె, అతని మాట పూర్తయ్యీ కాకముందే.

కారులో ఈశ్వరమ్మ బైనాక్యులర్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇల్లు దగ్గరపడుతుండగా అడిగింది:

“ఆ పడవల్లో ఇద్దరు పట్టేవి ఉంటాయా?”

ఉంటాయి. మర్నాడే ఆవిడకి చేపలు పట్టే లైసెన్సు తీయించి, పెద్ద కాయక్ ఒకటి అద్దెకి మాట్లాడింది ఝాన్సీలక్ష్మి. ఆదివారం నాడు ఈశ్వరమ్మ తన కొడుకు ట్రాక్ ప్యాంటు, పైన లైఫ్ జాకెట్ వేసుకుని ముందు సీట్లో కూర్చుంది. నాలుగుసార్లు నాచు పట్టింది, ఒకసారి కోడలి టోపీ పట్టింది. ఆరోసారి వేలు తాడుకి ఆనించి ఊరుకుంది.

“ఏదో కొట్టిందే!”

“వదులు చుట్టండి! ఇప్పుడెత్తండి!”

పైకి వచ్చింది అరచేయంత బ్యాస్. ఈశ్వరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంత పసిదాన్ని ఏం చేసుకుంటాం?” అని వంగి నీళ్లలో వదిలింది. చెయ్యి ట్రాక్ ప్యాంటుకే తుడుచుకుని వెనక్కి తిరిగింది.

“ఇంకో వానపాము గుచ్చవే. పెద్దది పడేదాకా నేను కదల్ను.”