పైగది ద్వారబంధం

ఆ గదిని మేం అద్దెకివ్వడానికి కట్టుకోలేదు. మా అమ్మాయి కోసం కట్టుకున్నాం.

తొంభైల మొదట్లో మా ఆయన గాజువాక లోపలి వీధిలో చిన్న జాగా కొని రెండు గదులు వేశారు. కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన వాళ్లం. ఊళ్లో మాకు చుట్టమంటూ ఒక్కరు లేరు. పిల్లకి నాలుగేళ్లు నిండాక మేడ మీద ఇంకో గది లేపారు. రేపు పెద్దదయితే చదువుకోవడానికి విడిగా ఉండాలన్నది ఆయన ఆలోచన. ద్వారబంధం నిలబెట్టిన రోజు వడ్రంగి, పక్కనే ఆడుకుంటున్న పిల్లని సరదాకి దానికి ఆనించి నిలబెట్టి, తల మీద తన పెన్సిల్‌తో ఒక గీత గీశాడు. గీసి, ఆ పెన్సిల్ మా ఆయన చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ప్రతి పుట్టినరోజుకీ ఈయన పిల్లని అక్కడే నిలబెట్టి గీత గీసి, పక్కన తారీకు వేసేవారు. మడమలు ఎత్తుతోందేమోనని నేను కాళ్ల దగ్గర కూర్చుని చూసేదాన్ని. ఎత్తేది కూడాను. తొమ్మిదో పుట్టినరోజున తారీకు పక్కన తన పేరు తనే రాసుకుంది, ఒక వత్తు మరిచిపోయి.

ఆ ఏడు వానల్లో జ్వరం వచ్చింది. మెదడువాపు అన్నారు. నాలుగు రోజులు. అంతే. దాని గురించి ఇంతకంటే రాయలేను.

గదికి తాళం వేశాం. మా ఆయన ఆ తర్వాత పిల్ల ఊసే ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయేవారు. ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్లం, మాట్లాడుకునేవాళ్లం కూడా. నీళ్లొచ్చాయా, కరెంటు పోయిందా, రేపు ఏ షిఫ్టు, ఇలాంటివి.

రెండేళ్లు గడిచాక ఆయనతో పనిచేసే ఒకతను వచ్చి, తన మామగారికి ఆపరేషన్ చేస్తున్నారనీ, అత్తగారు ఉండటానికి పది రోజులు గది కావాలనీ అడిగాడు. కాదనలేకపోయాం. అలా మొదలైంది. తర్వాత ఒకరి ద్వారా ఒకరు వచ్చేవారు. ఆసుపత్రి పనుల మీద వచ్చినవాళ్లు, ఇంటర్వ్యూలకి వచ్చిన కుర్రవాళ్లు, ప్లాంటులో షట్‌డౌన్ మరమ్మతులకి వచ్చే కాంట్రాక్టు మేస్త్రీలు. వారమో, రెండు వారాలో. అంతకు మించి ఎవరినీ ఉంచడానికి ఆయన ఒప్పుకునేవారు కాదు. ఎక్కువ రోజులుంటే గది వాళ్లదైపోతుందని ఆయన భయమని నాకు తెలుసు. ఆయన పైకి చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒక అట్టముక్క మీద ఎర్ర సిరాతో నిబంధనలు రాసి తలుపు పక్కన వేలాడదీశారు. ఇద్దరికి మించి ఉండకూడదు. తొమ్మిదింటికి గేటు వేసేస్తాం. నీచు వండకూడదు. మేకులు కొట్టకూడదు. ఆఖర్న, గోడల మీదా తలుపుల మీదా చెయ్యి వెయ్యకూడదు, రాయకూడదు, తుడవకూడదు.

తుడవకూడదన్న చోట చాలామంది ఆగేవారు. ఒకాయన నవ్వుతూ, "తుడిస్తే మీకేంటండీ నష్టం?" అని అడిగాడు కూడా. "ఆయనకి ఇష్టముండదు" అని ఊరుకున్నాను.

నిబంధనల్లో అందరూ ఏదో ఒకటి మీరినవాళ్లే. మేస్త్రీలు పిట్టగోడంతా లుంగీలు ఆరేసి పేకాట వేసేవారు. ఇద్దరమేనని చెప్పిన ఒక పెళ్లివారు తెల్లారి దిగేటప్పుడు లెక్కపెడితే పదకొండుమంది. అరిచేదాన్ని, వాళ్లు వెళ్లిపోయేవాళ్లు, గది కడుక్కునేదాన్ని. కడిగేటప్పుడు ఆ ద్వారబంధాన్ని మాత్రం పొడిగుడ్డతో, గీతలకి తగలకుండా పక్కపక్కన అద్దేదాన్ని. ప్లాంటు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము గీతల మీద పేరుకున్నా ఊదేదాన్ని తప్ప చేత్తో తుడిచేదాన్ని కాదు.

గది ఇవ్వడం మొదలైన మరుసటి ఎండాకాలంలో ఒక కొత్త జంట వచ్చింది. అతను ఆటోనగర్‌లో లారీ బాడీలకి రంగులేసే పెయింటరు. ఆ అమ్మాయిది జాలరిపేట. ఇరవై ఏళ్లుంటాయేమో. వాళ్లు మాట్లాడుకున్న పోర్షన్ ఖాళీ అవడానికి ఇంకా రెండు వారాలుంది, అప్పటిదాకా గది కావాలన్నారు. అతను బోర్డు ముందు నిలబడి పెదాలు కదుపుతూ చదివి, "అలాగే సార్" అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మేడ మీద నుంచి చేపల పులుసు వాసన దిగింది. పైకి వెళ్లేసరికి గదిలో ఆ అమ్మాయి, వాళ్లమ్మ, ఇద్దరు చెల్లెళ్లు. వాళ్లమ్మ జాలరిపేట నుంచి రెండు బస్సులు మారి గంపలో చేపలు తెచ్చింది. కిరోసిన్ స్టవ్ గోడకి ఆనించి పెట్టారు. కిటికీ పక్క గోడంతా నిలువునా నల్లగా పొగచూరింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంటమ్మా ఇది? బోర్డు రాసి పెట్టింది ఎందుకు? చదవడం రాదా?" అన్నాను, వాళ్లమ్మ ముందే.

ఆ అమ్మాయి గరిటె పట్టుకునే నిలబడిపోయింది. "రాదమ్మా," అంది. "నాను సదువుకోనేదు. ఆడు సదివాడు గానీ, నాకేటీ సెప్పనేదు."

వాళ్లమ్మ కల్పించుకుంది. "తప్పయిపోయింది తల్లీ. సేప నేకపోతే దీనికి ముద్ద దిగదు. నాలుగు రోజులై సరిగ్గా తినట్లేదని ఆడు సెప్తే, ఉండబట్టలేక తెచ్చీసినాను."

అక్కడితో ఆగిపోవాల్సింది. ఆగలేదు. ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్కటీ చదివి వినిపించాను. ప్రతిదానికీ తలూపింది. ఆఖరిది విని, "తుడిసినా కూడదా? ఎందుకమ్మా?" అంది.

వెక్కిరింపుగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆ ద్వారబంధం మాకు జానెడు దూరంలో ఉంది. ఆ క్షణాన ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

"ఎందుకేంటి? వద్దంటే వద్దు," అన్నాను.

ఆ వారంలోనే విజయవాడలో పెళ్లికని మేమిద్దరం వెళ్లి నాలుగో రోజు పొద్దున్న వచ్చాం. గేటు తీస్తుండగానే ఆ అమ్మాయి మెట్ల మీద నుంచి పరిగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "అమ్మా, సార్‌ని కూడా తీసుకుని ఒకపాలి పైకి రండి," అంది. సంచులు అరుగు మీద పెట్టి పైకెక్కాం.

పొగచూరిన గోడ మాత్రమే కాదు, గదంతా వెలిగిపోతోంది. ఆ అమ్మాయి మొగుడు గోడలకి మీగడ రంగు వేశాడు. తలుపులకీ కిటికీకీ ద్వారబంధానికీ ఆకుపచ్చ ఎనామిల్. లారీల మీద వేసే రంగు. ఎక్కడా కుంచె జాడ లేదు, అద్దంలా ఉంది.

అతను చేతులకంటిన రంగుని కిరోసిన్ గుడ్డతో తుడుచుకుంటూ చెప్పుకుపోతున్నాడు. "మా ఆవిడ రెండు రోజులు ఒకటే ఏడుపు సార్, అమ్మగారి గోడ పాడుసేసీసినామని. పనికాడ మిగిలిన రంగు మేస్త్రీని అడిగి తెచ్చినాను. గుమ్మం మీద మాత్రం పాత రాతలేవో ఉన్నాయి సార్, పిల్లలెవరో గీసీసినట్టున్నారు. రంగేసినా కిందనుంచి కనిపిస్తాయని ఎమరీ పేపరెట్టి బాగా రుద్దీసినాను. ఇప్పుడు సూడండి, ఎంత నున్నగా వచ్చిందో!"

నేను అరిచాను. ఏమరిచానో నాకు గుర్తులేదు. ఎవరు వెయ్యమన్నారు మిమ్మల్ని, ఎవరు వెయ్యమన్నారు అన్నది ఒక్కటే గుర్తుంది. ఆ అమ్మాయి గోడకి అతుక్కుపోయింది. అతని చేతిలో గుడ్డ కిందపడింది.

మా ఆయన ద్వారబంధం దగ్గరికి వెళ్లి, తన గుండెల ఎత్తున, వేలితో ముట్టుకున్నారు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలికి పచ్చగా అంటింది.

"ఆపు," అన్నారు నాతో. "అవేంటో వాళ్లకెవరు చెప్పారు?"

తర్వాత అతని వైపు తిరిగి, "బాగా వేశావయ్యా," అన్నారు. అని, మెట్లు దిగి వెళ్లిపోయారు.

నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. పిల్ల బట్టలున్నాయి, పుస్తకాలున్నాయి, ఫొటోలున్నాయి. అవన్నీ దాని వస్తువులు. కానీ అది అంత ఎత్తున ఇక్కడ నిలబడిందని చెప్పే జాగా అదొక్కటే. కళ్లు మూసుకుని ఆ గీత పక్కన చెయ్యి ఆనిస్తే దాని తల నిమిరినట్టే ఉండేది నాకు. ఆ సంగతి మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి ఒక్కతే కిందికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. మా పిల్ల సంగతి పక్కింటావిడ చెప్పిందట. వంటింటి గుమ్మంలో నా కాళ్ల దగ్గర కూలబడి పాదాలు పట్టుకుంది.

"తెలవదమ్మా మాకు. ముందే ఒక్క మాట సెప్పుంటే ఆ గుమ్మం మీద ఈగని కూడా వాలనిచ్చేదాన్ని కాదు. ఆడు అన్నం ముట్టట్లేదమ్మా. నా సేతులిరిగిపోనూ అని కొట్టుకుంటన్నాడు."

లేవదీశాను. మీ తప్పు లేదని చెప్పాలి. నోటి దాకా వచ్చిందిగానీ పైకి రాలేదు. అన్నం పెడతాను తినమని అన్నాను. తినలేదు. కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

మూడో రోజున, గడువింకా మిగిలి ఉండగానే, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని వాళ్లిద్దరూ సర్వీస్ ఆటో ఎక్కారు. నేను కిటికీలోంచి చూశాను. బయటికి వెళ్లి ఉండాల్సింది. పచ్చచీర కట్టుకున్న ఆ అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆటోనగర్ చుట్టుపక్కలే ఉంటారు కదా, ఎప్పుడైనా కనిపిస్తే చెబుదామనుకున్నాను. బజారులో ఏ పచ్చచీర కనిపించినా ఆమేనేమో అని చూసేదాన్ని. మళ్లీ కనిపించలేదు.

ఆ ఆదివారం మా ఆయన నన్ను పైకి పిలిచారు. చేతిలో పెన్సిల్ ఉంది. "ఎక్కడ దాకా ఉండేది?" అన్నారు. పిల్ల పోయాక దాని గురించి ఆయన అడిగిన మొదటి మాట అది. నేను అరచెయ్యి గాలిలో పెట్టి చూపించాను. "అంత లేదు. నా చొక్కా మూడో బొత్తాం దాకా వచ్చేది," అంటూ ఆయన కిందికి చూపించారు. "మీరు బూట్లు వేసుకుంటే కదా మూడో బొత్తాం, ఉత్తి కాళ్లతో ఉంటే ఇంకా పైకే," అన్నాను. ఇద్దరం చేతులు చెరో ఎత్తున పెట్టుకుని నిలబడ్డాం. జానెడు తేడా ఉంది. ఆయన పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నారు. ఆ రోజు ఇద్దరం మెట్ల మీద పక్కపక్కన కూర్చుని ఏడ్చాం. అంతకు ముందు కలిసి ఏడవలేదు మేము.

బోర్డు తీసేశాను. గది ఇవ్వడం మాత్రం మానలేదు. వచ్చినవాళ్లకి గేటు సంగతి, నీళ్ల సంగతి చెప్పేముందు, "ఇది మా అమ్మాయి గది" అని చెప్పడం మొదలుపెట్టాను. కొందరు అయ్యో అనేవారు. కొందరు వినీ విననట్టు కుళాయి తిప్పి చూసుకునేవారు. లుంగీలు పిట్టగోడ మీద ఆరుతూనే ఉన్నాయి, చేపల వాసన దిగుతూనే ఉంది. నేను అరవడం తగ్గించాను. నేను చెప్పేటప్పుడు మా ఆయన చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక, విజయనగరం వైపు నుంచి ఒక పెద్దావిడ కోడలితో వచ్చింది. నేను చెప్పింది విని, సంచి కింద పెట్టి, "ఎన్నేళ్ల పాప తల్లీ?" అని అడిగింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే గేటు దాకా వెళ్లారు. అక్కడే ఆగారు.

"తొమ్మిది నిండాయండీ," అన్నారు. "పదో ఏడు జరుగుతోంది."

వెనక్కి వచ్చి, చెప్పులు విప్పి, వాళ్లకి మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లారు.