రక్తంలో సున్నం తగ్గిన ఏడాది

మా అక్క పోయింది. పొద్దున టీ పెట్టుకుంటుంటే వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, "చిన్నమ్మా, అమ్మ ఇగ లేదు" అంది. నిద్రలోనే పోయిందట. ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి వెళ్తాను, బయటికి వస్తాను, చెప్పులు వేసుకుంటాను, మళ్లీ విప్పుతాను. చూడాల్సిన ముఖాన్ని చూసి వచ్చాను, ఏడవాల్సింది ఏడ్చాను. అయినా కాలు నిలవడం లేదు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా బావ భార్య, నాకు తోటికోడలు. మా దిక్కు యారాలు అంటాం. అరవైల చివర్లో నేను కోడలిగా సంగారెడ్డి వచ్చేనాటికి ఆ ఇంటి బరువంతా ఆమె మీదే ఉండేది. ముందు గదుల్లో బావ ధాన్యం దుకాణం, వెనక మా కాపురం. అక్క కూర్చోగా నేను చూసింది తక్కువ. టీ నిలబడే తాగేది. ద్వారబంధం మీద వేళ్లతో తాళం వేస్తూ మాట్లాడేది. కందులు, పెసలు వేసుకొని బండ్ల మీద వచ్చే రైతులు బావను చూసి తల ఊపేవాళ్లు గాని, మాట్లాడేది మాత్రం అక్కతోనే. ఎవరి బిడ్డకు ఏ ఊళ్లో సంబంధం కుదిరింది, ఎవరి ఎద్దుకు కాలు విరిగింది, అన్నీ ఆమెకు గుర్తే. కొత్తలో నేను బంధువుల పేర్లు తికమక పడుతుంటే, "ఎందుకు పరేషాన్ అయితవ్? నా పక్కన నిలబడు, నేను చెవుల చెప్త" అనేది. పెళ్లిళ్లలో నిజంగానే చెప్పేది. ఎదురొచ్చే మనిషి ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే వాళ్ల వంశమంతా నా చెవిలో పడేది.

చిన్నమ్మాయి పుట్టాక అక్క మెడ ముందు వాపు కనబడింది. మొదట నిమ్మకాయంత. తర్వాత మింగడానికి కష్టమైంది. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. ఇంటికి వచ్చిన అక్కను చూసి అందరం, గండం గడిచిందనుకున్నాం.

కొన్నాళ్లకు మొదలైంది. మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది అనేది. వేళ్ల కొసలు తిమ్మిరెక్కేవి. ఒకరోజు పిండి పిసుకుతుంటే చేతివేళ్లు వాటంతట అవే దగ్గరికొచ్చి బిగుసుకుపోయాయి. విప్పుదామంటే రావు. నేను నూనె రాసి ఎంత మర్దన చేసినా విడలేదు. కాసేపటికి వాటంతట అవే వదిలాయి. వదిలాక అక్క తన చేతిని ఎవరిదో చేతిని చూసినట్టు చూసుకుంది.

అంతకంటే భయపెట్టింది తల సంగతి. బియ్యం పొయ్యి మీద పెట్టి నీళ్లు పోయడం మరిచేది. అడిగిన మాటే అడిగేది. వచ్చిన రైతును "నువ్వెవరయ్యా?" అనేది, అతను చిన్నబుచ్చుకొని వెళ్లిపోయేవాడు. ఒక మధ్యాహ్నం మార్కెట్ వీధిలో, మా ఇంటికి నాలుగు కొట్ల అవతల, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. మేం చాచీ అని పిలిచే పక్కింటామె చేయి పట్టుకొని తీసుకొచ్చింది. ఏమైందని అడిగితే, "తలల పొగ నిండినట్టున్నదే చెల్లె. కూసోబుద్ధి అయితలేదు, నిలబడబుద్ధి అయితలేదు" అంది. ఊరికే ఏడ్చేది, ఊరికే కసిరేది. రోజంతా ముందు గది నుంచి వెనక గదికి, వెనక గది నుంచి ముందు గదికి తిరుగుతూనే ఉండేది.

చిన్నమ్మాయికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. "అమ్మా" అని పిలిస్తే అక్క వెనక్కి తిరిగి చూసేది, ఆ పిల్ల వేరే ఎవరినో పిలుస్తున్నట్టు.

ఒకరోజు మూర్ఛ కూడా వచ్చింది. మా అత్తమ్మకు ఇక అనుమానం లేకుండా పోయింది. "గాలి సోకింది. ఆస్పత్రి నుంచే ఎంటబడి వచ్చింది" అని తాయెత్తు కట్టించింది, దర్గాకు తీసుకుపోయింది, వేపమండలతో కొట్టించింది. చాచీ ఒక్కతే, "అమ్మా, దువా చేద్దాం, కాని డాక్టర్‌కు గూడ చూపియ్యండి" అనేది. ఒక డాక్టర్‌కు చూపిస్తే నరాల బలహీనత అని నిద్రమాత్రలు రాశాడు. వాటితో అక్క ఇంకా మసకబారింది.

ఆ తర్వాత ఇంట్లో తలుపులు దగ్గరికేసి మాట్లాడుకోవడం మొదలైంది. అక్కను కర్దనూర్‌లో ఆమె పుట్టింటికి పంపాలని, పిల్లల్ని ఇక్కడే ఉంచుకోవాలని. జోగిపేటలో ఎవరో అమ్మాయి ఉందట, బావకు చూస్తారట. బావ ఔననలేదు, కాదనలేదు. తల వంచుకొని తక్కెడ తుడుస్తూ కూర్చున్నాడట.

అప్పటికి నా భర్తకు పటాన్‌చెరులో కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో పని దొరికి, మేం అక్కడ కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఈ మాట తెలిసి నేను సంగారెడ్డి బస్సెక్కాను. అత్తమ్మ ముందు ఎప్పుడూ గొంతెత్తని దాన్ని, ఆ రోజు ఎత్తాను.

"కర్దనూర్ పోవాల్నంటే మా ఇంటి మీదికెల్లే పోవాలె. మొదలు నా తాన కొన్ని దినాలు ఉంటది. తర్వాత సూద్దాం."

"నీకేం తెలుసే? ఫిట్స్ వస్తే ఏం జేస్తవ్?" అంది అత్తమ్మ.

"మీరేం జేస్తున్నరో గదే జేస్త."

చిన్నమ్మాయిని చంకనేసుకొని, అక్క చేయి పట్టుకొని వచ్చేశాను. బస్సులో అక్క, "యాడికి పోతున్నం?" అని అడుగుతూనే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను.

మా ఇంటికి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, మళ్లీ చేతులు బిగుసుకున్నాయి. ఈసారి రెండూ. పాదాలు కూడా వంకర పోయాయి. నా భర్త షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. రిక్షాలో వేసుకొని ఫ్యాక్టరీ దవాఖానాకు పరుగెత్తాం. అక్కడున్నది నడివయసు డాక్టర్. ఆయన ముందు చేతులు చూడలేదు. మెడ చూశాడు.

"ఈ గీత ఎప్పటిదమ్మా? గొంతు గడ్డ తీశారా?"

నేను ఔనన్నాను. ఆయన అక్క చెవి ముందు, చెంప మీద వేలితో మెల్లగా తట్టాడు. తట్టినప్పుడల్లా పెదవి మూల ఎగిరింది. ఆయన వెంటనే ఇంజెక్షన్ సిద్ధం చేసి నరంలోకి చాలా నిదానంగా, అక్క నాడి చూసుకుంటూ ఎక్కించాడు. నేను అక్క వేళ్లనే చూస్తున్నాను. మందు లోపలికి పోతుండగానే బొటనవేలు కదిలింది. తర్వాత మిగిలిన వేళ్లు. ఎంత మర్దన చేసినా విడని చేయి నా కళ్లముందే విచ్చుకుంది.

"దీనికి గాలీ లేదు, పిచ్చీ లేదు" అన్నాడు డాక్టర్. "మెడలో ఆ పెద్ద గ్రంథి వెనక బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగు ఉంటాయి. పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం, అంటే మీరు సున్నం అనుకోండి, ఎంత ఉండాలో అవి చూసుకుంటాయి. గడ్డ తీసేటప్పుడు ఒక్కోసారి అవీ దెబ్బతింటాయి. సున్నం తగ్గితే చేతులే కాదమ్మా, తల కూడా సరిగా పనిచేయదు. మతిమరుపు, చిరాకు, మూర్ఛ, అన్నీ దానివల్లే."

"అయితే మళ్ల మనిషైతదా?" అని అడిగాను.

"చాలావరకు. మందు మాత్రం జీవితాంతం ఆపొద్దు."

ఆయన చీటీ రాసిస్తే హైదరాబాద్‌లో రక్తపరీక్ష చేయించాం. ఆయన అన్నదే నిజమైంది. కాల్షియం మాత్రలు, వాటితోపాటు విటమిన్ మందు మొదలయ్యాయి. అక్క ఒక్కరోజులో తిరిగి రాలేదు. ముందు తిమ్మిర్లు పోయాయి. తర్వాత నిద్ర వచ్చింది. ఒక పొద్దున నేను కూర తరుగుతుంటే వెనక నుంచి, "గంత లావుగ కోస్తే ఎప్పుడు ఉడకాలె?" అని వినబడింది. కత్తిపీట అక్కడే వదిలేసి ఆమెను పట్టుకొని ఏడ్చాను.

బావ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "పోదాం పా" అన్నాడు. పంపేయాలనుకున్న సంగతి అప్పటికే నా నోట విన్న అక్క, "నన్ను పంపుతమన్నది ఎవరు?" అంది. బావ అక్క సంచి అందుకోబోయాడు. "నీ నోటితోని చెప్పినంక వస్త" అంది. ఆ రోజు బావ ఒక్కడే తిరిగి వెళ్లాడు. మళ్లీ వచ్చినప్పుడు చెప్పాడు, "నేను అడ్డం పడలేదు, నాదే తప్పు" అని. అప్పుడు వెళ్లింది. ఇంట్లో కాలు పెట్టగానే అత్తమ్మతో, "నా మీదికి ఏ గాలి రాలేదత్తమ్మా. నెత్తుర్ల సున్నం తగ్గింది, గంతే" అంది. గొంతులో కోపం లేదు. తాయెత్తు విప్పి ఆమె చేతిలో పెట్టింది.

అందరికీ అక్కడితో కథ ముగిసింది. అక్కకు ముగియలేదు. ఆ ఏడాది ఆమెకు గుర్తు లేదు. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క, నడుమంతా ఖాళీ. నన్ను కూర్చోబెట్టి అడిగేది. నేను మంచి మంచివి ఏరి చెబుతుంటే పట్టేసుకునేది. "మంచియే చెప్పకు. అన్నీ చెప్పు. నా ఏడాది అది." చిన్నమ్మాయి మొదట ఏ మాట అన్నదని ఎన్నిసార్లు అడిగిందో. "దా" అన్నదని చెప్పాను. చేతులు గుంజుకుపోయి నువ్వు ఏడుస్తుంటే దగ్గరికొచ్చి, నీ కొంగు పట్టి లాగుతూ "దా" అన్నదని. అక్క లేచి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ అడిగింది. ఆ వెతుకులాట ఆమెకు చివరిదాకా పోలేదు. "పోయింది యాడ ఎతకాల్నో తెలిస్తే కద" అనేది.

మాత్రలు మాత్రం ఏనాడూ మరవలేదు. కళ్లలో శుక్లాలు తొందరగా వచ్చాయి. అదీ ఆ జబ్బుదేనట. తీయించుకొని మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

ఈ రోజంతా నా కళ్లముందు కదులుతున్నది డెబ్బైల చివర్లో ఒక సాయంత్రం. ఇద్దరం హైదరాబాద్ నుంచి సంగారెడ్డి బస్సులో వస్తున్నాం. పటాన్‌చెరు స్టేజీ దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తున్న అక్క ఒక్కసారిగా లేచింది. కింద చెట్టు మొదట్లో ఎవరో ఆడమనిషి, చంకలో పిల్ల, ఒక చేతి వేళ్లను ఇంకో చేత్తో బలవంతంగా విడదీసుకుంటోంది.

"అక్కా, యాడికి? బస్సు పోతది!"

"పోనియ్. నువ్వు పో, నేను ఎనక బస్సుల వస్త."

జనాన్ని తోసుకుంటూ దిగిపోయింది. కండక్టర్ కేకేశాడు, బస్సు కదిలింది. నేను వెనక సీటు దాకా పరుగెత్తి చూశాను. షిఫ్టు వదిలిన జనం సైకిళ్లతో రోడ్డంతా నిండి వస్తున్నారు. వాళ్ల మధ్య, లేచిన దుమ్ములో, అక్క ఆ మనిషికి ఎదురుగా నిలబడి కొంగు పక్కకు జరిపి, తల పైకెత్తి, తన మెడ మీది గీత చూపిస్తోంది.