పిడికెడు జొన్నలతో లంకకు

ఆ రోజుల్లో రెండు పక్షాలు లేని విషయమంటూ నాకు లోకంలో కనిపించేది కాదు. గుంటూరు కళాశాలలో వక్తృత్వ పోటీలు అంటించిన జబ్బు అది. పప్పుచారులో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగితే, సరిపోవడమంటే ఏమిటో ముందు నిర్వచించుకుందామనేవాణ్ణి. (అమ్మ గరిటెతో నిర్వచించేది.) అటువంటి నన్ను, అరవయ్యవ దశకం ఆరంభంలో ఒక వేసవిలో, గురజాల దగ్గరి మా ఊరి క్రైస్తవ సంఘం సింహళానికి పంపింది. అక్కడి తేయాకు తోటల్లో నెలపాటు సువార్త చెప్పే విద్యార్థి బృందంలో నాకు చోటు దొరికింది. దారి ఖర్చులకు ఆధారం మా స్త్రీల సమాజంవారి పిడికెడు బియ్యం. మిరపకోతలకు పోయే ఆ తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. (బియ్యమన్నది మాటవరసకే, మా మెట్ట పల్నాటి కుండల్లో పడేవి చాలావరకు జొన్నలే.) నేను తిరిగివచ్చి చెప్పే సాక్ష్యాన్ని బట్టి, దసరా సెలవుల్లో వెళ్ళే రెండో బృందంతో మా అక్కను పంపాలో వద్దో తేలుస్తామన్నారు. అక్క నర్సు చదువు పూర్తిచేసింది. గుంటూరు దాటి ఎరగదు. ఆ ప్రయాణం మీద ప్రాణం పెట్టుకుంది.

నెల తిరిగాక మాచర్ల రైల్లో వచ్చి గురజాలలో దిగేసరికి స్త్రీల సమాజానికి పెద్ద దిక్కయిన పెద్దమ్మ (ఊరందరికీ ఆమె పెద్దమ్మే) ఎదురొచ్చింది. "ఏందిరా, లంకకు పోయి రావటానికి నెలా? మా పుట్టింటోళ్ళు పొద్దున పోయి, పుచ్చకాయలేసుకోని మాపటికల్లా ఇంటికాడుంటారు." కృష్ణానదిలో నీటి నడుమ ఉండే మెట్టలు తప్ప వేరే లంకను ఆమె ఎరగదు. అది సముద్రంలోని లంక అని నేను వివరించగానే, అదే రైలు దిగిన మా పక్కింటి రైతు బాబాయి అందుకున్నాడు.

"అయితే సీతమ్మోరు కూచున్న తోట చూశావా?"

"లేదు బాబాయ్, మా కార్యక్రమంలో లేదు."

"అంత దూరం పోయి అది చూడకపోతే, ఎందుకు పోయినట్టురా?"

ఆ ప్రశ్న ఆదివారం దాకా నన్ను గుచ్చుతూనే ఉంది. శనివారం సాయంత్రం అక్క బతిమాలింది. "రేపు కాస్త గొప్పగా చెప్పరా. అబద్ధమాడొద్దు, గొంతు పెంచు, చాలు." గొంతు పెరిగిందంటే వాదన బలహీనపడిందని అర్థమన్నాను. అక్క రెండు చేతులెత్తి దండం పెట్టింది.

గుడిలో లేచి నిలబడి, అలవాటుకొద్దీ "అధ్యక్షా" అన్నాను. మా పాస్టరు అయ్యగారు తన వెనక ఎవరున్నారోనని తిరిగి చూసి, "ఎన్ని ఆత్మల్ని సంపాదించావు నాయనా?" అని అడిగారు. ఒక్కటీ లేదన్నాను. తోటలవారు మాట్లాడేది అరవమనీ, అది నాకు రాదనీ, చాలామంది అప్పటికే నాకంటే శ్రద్ధగా ప్రార్థించుకుంటున్నారనీ క్రమంగా నివేదించాను. మొదటి ప్రసంగంలోనే "పరలోకరాజ్యము" అన్న మాట మధ్యలో ఒక జలగ మోకాలు దాటి పైకి రాగా, నేను బల్ల ఎక్కిన వైనాన్ని కూడా దాచలేదు. ఆపైన చలిజ్వరం. ఆకు కోసే ఒక ముసలమ్మ నన్ను తన ఇంట్లో పడుకోబెట్టి, గంజి కాచి పోసి నిలబెట్టింది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అక్క మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"అంటే, మా జొన్నల్తో పోయి వాళ్ళ గంజి తాగొచ్చావు," అంది పెద్దమ్మ.

"సారాంశం అదే."

గుడంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఆ ముసల్దానికి ఎవురన్నా ఉన్నారా?"

"కోడలుంది. ఇప్పుడు ఐదో నెల. ఆసుపత్రి కొండ కింద చాలా దూరం. కిందటి కాన్పులో బిడ్డ దక్కలేదు."

"ఆ మాట కడాకు చెప్తావేందిరా?" పెద్దమ్మ అయ్యగారి వైపు తిరిగింది. "నోరున్నోణ్ణి పంపాం, అయ్యగారూ. చేతులున్నదాన్ని పంపాల్సింది."

ఎవరికైనా అభ్యంతరమా అని అయ్యగారు అడిగారు. నేను యథాప్రకారం నోరు తెరిచాను. అక్క చూసిన చూపుకు మూశాను.

దసరాకు వెళ్ళిన అక్క తిరిగివచ్చి, సాక్ష్యం రెండు ముక్కల్లో ముగించింది: "మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. బల్లెక్కిన తమ్ముడు కులాసాయేనా అని ముసలమ్మ అడగమంది." అంత చిన్న ప్రసంగానికి అంత పెద్ద ఆమెన్ నేను మళ్ళీ వినలేదు. నిజం చెప్పి అక్క ప్రయాణాన్ని చెడగొట్టాననుకుని గుడిమధ్య చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆ సన్నపాటి కుర్రవాడు ఇప్పుడు ఎదురైతే, పక్కన కూర్చోబెట్టుకుని ఇంత వేడిగంజి పోయాలనిపిస్తుంది. తాగేముందు గంజి అంటే ఏమిటో నిర్వచించమంటాడు, నాకు తెలుసు. అయినా పోస్తాను.