నాలుగు పాయింట్ల డాబా

కట్టకిందిపాలెంలో ఫోను మోగాలంటే జానీ బీ డాబా ఎక్కాలి. రేపల్లె నుంచి ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో, కాలువ కట్ట పక్కన పల్లంలో ఉన్న ఊరది. కట్ట అడ్డం నిలబడటం వల్లనో, ఊరి రాత వల్లనో సిగ్నల్ అంతదూరం వచ్చి కట్ట మీదుగానే వెళ్ళిపోతుంది. ఒక్క జానీ బీ డాబా మీద, ఈశాన్యం మూల నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రం నాలుగు పాయింట్లూ నిక్కి నిలబడతాయి.

ఈ సంగతి కనిపెట్టింది పక్కింటి కామేశ్వరరావు మేష్టారు. మూడేళ్ళ కిందట ఆయన పంచె గాలికెగిరి ఆ డాబా మీద పడింది. తెచ్చుకుందామని మెట్లెక్కి, ట్యాంకు దగ్గర వంగారో లేదో, జేబులో ఫోను ఆగకుండా నలభై సార్లు మోగింది. అందులో ఒకటి ఆర్నెల్ల కిందటి పెళ్ళి పిలుపు.

"జానీ బీ! మీ డాబా మీద ప్రపంచం ఉందండీ!" అని కేకేసి, పంచె అక్కడే వదిలేసి ఆయన కిందికి పరుగెత్తారు. సాయంత్రానికి ఊరంతా పైనే ఉంది.

జానీ బీకి అరవై రెండేళ్ళు. పుట్టిల్లు తెనాలి. పెళ్ళినాడు అక్కడి నుంచి వెంట తెచ్చుకున్న చేతి సేమ్యా మిషనే, భర్త పోయాక ఆవిడను నిలబెట్టింది. పిండి కలిపి, పిడి తిప్పి, దారాల్లా దిగే సేమ్యాను డాబా మీద వెదురు కర్రలకు ఆరేస్తుంది. రంజాన్ వస్తోందంటే తెనాలిలో అఫ్రోజ్ కొట్టుకు ఆవిడ సేమ్యాయే వెళ్ళాలి. ఆ ఒక్క ఆర్డరు మీదే ఆవిడ ఏడాదంతా నడుస్తుంది.

ఇప్పుడా కర్రల మధ్య జనం. రేషన్ డీలర్ కొండమ్మ వేలిముద్ర మిషను ట్యాంకు మీద పెట్టుకుని కూర్చుంటుంది. ఆమె ముందు బియ్యం వాళ్ళ వరస. రొయ్యల రేటు తెలిసేదీ అక్కడే కాబట్టి, చెరువు ఇవాళ పట్టాలా, వారం ఆగాలా అన్నది తేలేదీ అక్కడే. పరీక్ష ఫలితాల రోజున సగంమంది నవ్వుతూ, సగంమంది ఏడుస్తూ దిగుతారు. అందరూ సేమ్యా కిందనుంచి వంగే వెళ్తారు, కానీ వంగిన వీపు ఎంత ఎత్తుందో ఎవరికీ తెలియదు.

కిందటి రంజాన్‌కు అఫ్రోజ్ నుంచి ఫోను వచ్చింది. అది కూడా ట్యాంకు దగ్గరే తీసుకోవాల్సి వచ్చింది.

"ఖాలా, సేమ్యాలో కాగితం వచ్చిందంట. కస్టమర్ తెచ్చి బల్ల మీద కొట్టాడు."

"ఏం కాగితం రా?"

"రేషన్ చీటీ. పదిహేను కేజీల బియ్యం అని ఉంది. ఖీర్‌లో ఉడికింది. ఇంకోసారి ఇలాగైతే పొన్నూరు సేమ్యా తెప్పించుకుంటా, ఏమనుకోకు."

జానీ బీ కొండమ్మ వైపు చూసింది. కొండమ్మ ఆకాశం వైపు చూసింది.

అప్పుడే టవర్ కబురొచ్చింది. సిగ్నల్ లేని ఊళ్ళను సర్వే చేసి, టవర్లు వేస్తారట. జానీ బీ ఆ రోజు మిగిలిన రెండు నమాజుల్లోనూ టవర్‌ను తలుచుకుంది.

సర్వేకు వచ్చింది గ్రామ సచివాలయంలో పనిచేసే వాగ్దేవి. పాపం, మెతక పిల్ల. మొదటి ఇంటి గుమ్మంలో నిలబడి ఫోను తెరిచింది. సర్వే యాప్ తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది. రెండో ఇల్లూ అంతే. కట్ట మీదికెళ్ళి పంపుదామంటే, ఊరి హద్దు దాటితే యాప్ అసలు ఒప్పుకోదు.

"మామ్మగారూ, అందరం మీ డాబా ఎక్కేద్దామా? గంటలో అయిపోతుంది," అంది.

నూటపన్నెండు ఇళ్ళవాళ్ళూ ట్యాంకు దగ్గర వరసగా నిలబడి సమాధానాలిచ్చారు. సిగ్నల్ ఎలా ఉందో మనిషిని అడగకుండా యాప్ తనంతట తానే కొలుచుకుంది. నూటపన్నెండు సార్లూ 'అత్యుత్తమం' అని రాసుకుంది. నెల తిరిగేసరికి బాపట్లలో జాబితా తేలింది. జిల్లాలో సిగ్నల్ అన్నిటికంటే బాగున్న ఊరు కట్టకిందిపాలెం! మెచ్చుకుంటూ ఒక సర్టిఫికెట్ కూడా వచ్చింది.

జానీ బీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అమ్మాయ్, ఆకలేస్తోందా అని అన్నం తింటున్నవాణ్ణి అడిగితే ఏం చెప్తాడే?"

"యాప్ అలా కొలిచింది మామ్మగారూ," అంది వాగ్దేవి తలొంచుకుని.

మేష్టారు నాలుగు పేజీల అర్జీ రాశారు. బాపట్ల వాళ్ళు దయతలచి పాత సమాధానాలన్నీ కొట్టేసి, మళ్ళీ సర్వేకు పదిహేను రోజులు గడువిచ్చారు. ఈసారి వాగ్దేవి వచ్చేసరికి డాబా మెట్ల తలుపుకు తాళం ఉంది. తాళంచెవి జానీ బీ బొడ్లో ఉంది.

"కింద నుంచి పంపించు. కింద ఎంతుందో అంతే రాసుకోనీ," అంది జానీ బీ.

కింద నుంచి ఒక్కటీ వెళ్ళలేదు. పదిహేను రోజులూ కొండమ్మ జనాన్ని ఆటోలో కట్ట మీదికి తీసుకెళ్ళి వేలిముద్రలు వేయించింది. రొయ్యల వాళ్ళు రేటు తెలియక గోళ్ళు కొరుక్కున్నారు. సేమ్యా మాత్రం హాయిగా ఆరింది. గడువు ముగిసింది. ఒక్క ఇల్లూ పలకని ఊరును ఏం చేయాలో కంప్యూటర్‌కు ముందే చెప్పిపెట్టారు కాబట్టి, అది కట్టకిందిపాలేన్ని 'నివాసాలు లేని ప్రాంతం' కింద వేసేసింది. మనుషులు లేరు కనుక రేషన్ షాపును రేపల్లెలో కలిపేస్తామని వెనకే నోటీసు వచ్చింది.

ఊరు జానీ బీ గుమ్మంలో వాలింది.

"మా అందర్నీ బతికుండగానే చంపేశావు కదే!" అంది కొండమ్మ.

"నువ్వు నా సేమ్యాను చంపలేదూ?"

"చీటీ గాలికెగిరింది. నా తప్పా?"

"తాళం నా నడుం మీద ఉంది. నా తప్పా?"

మేష్టారు మధ్యలో కూర్చుని ఇంకో అర్జీ మొదలుపెట్టారు: 'ఈ క్రింద సంతకాలు చేసిన మేము అందరమూ ఉన్నామని మనవి.'

అర్జీ పనిచేసింది. ఊళ్ళో ఎవరూ లేరని స్వయంగా చూసి నిర్ధారించడానికి బాపట్ల నుంచి ప్రణవ్ అనే కుర్ర ఆఫీసరు జీపులో వచ్చాడు. లేని జనం రెండు వందల మంది చుట్టూ మూగారు. లేని పిల్లలు జీపు ఎక్కారు. లేని కుక్క ఒకటి ఆయన బూటు వాసన చూసింది.

"ఫోటో తీసి ఇక్కడి నుంచే పంపాలండి. సాయంత్రం ఐదు లోపల," అన్నాడాయన. ఫోను పైకెత్తాడు. దించాడు. గుండ్రంగా తిరిగాడు. "ఇక్కడ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది?"

రెండు వందల తలలూ ఒకేసారి డాబా వైపు తిరిగాయి.

జానీ బీ ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి సేమ్యా పాయసం గిన్నె చేతికిచ్చింది. "తాళం ఇస్తాను బాబూ. కానీ ఒక్కమాట. పైకెక్కారంటే మీ ఫోను మళ్ళీ అత్యుత్తమం అని రాస్తది. కిందుంటే మేమసలు లేమని రాస్తది. మేం ఉన్నాం, సిగ్నల్ లేదు. ఈ రెండూ కలిపి రాసే చోటు మీ ఫోన్లో ఉందా?"

ప్రణవ్ ఫోన్లో పైనుంచి కిందిదాకా వెతికాడు. పాయసం చల్లారింది.

"లేదండి," అన్నాడు చివరికి.

"కాగితమ్మీద ఉంటుందండీ," అని మేష్టారు జేబులోంచి కలం తీశారు.

చేత్తో రాసిన రిపోర్టుతో ప్రణవ్ జీపెక్కాడు. ఆ కాగితాన్ని పైవాళ్ళు పట్టించుకుంటారని ఆయనకే పెద్ద నమ్మకం లేదు. జీపు కట్ట ఎక్కగానే ఫోను బుసలు కొట్టింది. పై అధికారి దగ్గర్నుంచి పధ్నాలుగు మిస్డ్ కాల్స్. "మధ్యాహ్నం నుంచి ఎక్కడ చచ్చావయ్యా?" అని అటునుంచి అరుస్తుంటే ఆయన మొహం వెలిగిపోయింది.

"కట్టకిందిపాలెంలో ఉన్నాను సార్. అదే చెబుదామనుకుంటున్నా."

టవర్ మంజూరైంది. రేషన్ షాపు కదల్లేదు. టవర్ లేచేదాకా జానీ బీ ఊరితో ఒక ఒప్పందం చేసుకుంది. సేమ్యా దించాక, నాలుగు గంటలకు తాళం తీస్తుంది. పైకెక్కే ప్రతివాళ్ళూ మర్నాటి సేమ్యాకు యాభై చుట్లు మిషను తిప్పాలి. రొయ్యల వాళ్ళు రేటు వింటూ తిప్పారు, కొండమ్మ చీటీలు కొంగున ముడేసుకుని తిప్పింది, మేష్టారు లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి తిప్పారు. మళ్ళీ వచ్చిన రంజాన్‌కు తెనాలి వెళ్ళిన సేమ్యాలో సేమ్యా తప్ప ఏమీ లేదు. అఫ్రోజ్ ఇంకో బస్తా పంపమన్నాడు.

వానాకాలం వెళ్ళాక కట్ట పక్కన టవర్ లేచింది. ఎవరింట్లో వాళ్ళ ఫోన్లు మోగసాగాయి. వంటింట్లోనే, మంచాల మీదే. జానీ బీ కోరుకున్నట్టే డాబా ఖాళీ అయింది. మొదటి రోజు ఆవిడ చేతులు బార్లా చాపి కర్రల మధ్య నడిచింది. రెండో రోజు పిండి కలిపి, మిషను ముందు కూర్చుని, తనే తిప్పుకుంది. మూడో రోజుకు భుజం లేవలేదు. నాలుగు గంటలైంది. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు.

పక్కన ఫోనుంది, నాలుగు పాయింట్లూ ఉన్నాయి. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. పిట్టగోడ దగ్గరకెళ్ళి, అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది:

"మేష్టారూ! మీ పంచె మళ్ళీ మా డాబా మీద పడిందండీ! వచ్చి తీసుకెళ్ళండి!"

పంచె ఆయన పెరట్లో తీగ మీదే ఆరుతోంది. మేష్టారు దానివైపోసారి చూశారు. తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ మెట్లెక్కారు.