కంపెనీ పని

మేము అనంతపురం వైపు నుంచి బతుకుదెరువుకు బెంగళూరు పక్కనున్న జిగణి వచ్చాం. మా ఆయన దగ్గుకు రెండుసార్లు టీబీ మందులు వాడినా తగ్గలేదు. కిందటేడు ఒక పెద్ద డాక్టరు అది టీబీ కాదని, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయిందని తేల్చారు. ఈ జబ్బును గుర్తుపట్టడం కుర్ర డాక్టర్లకు నేర్పాలి, ఒకసారి రమ్మన్నారు.

రెండు బస్సులు మారి వెళ్లాం. మా ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, జబ్బు పేరు చెప్పకుండా కుర్ర డాక్టర్లనే ప్రశ్నలు అడగమన్నారు. బీడీ తాగుతారా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని అడిగారు. తర్వాత ఒకమ్మాయి, "ఏం పని చేసేవారు?" అంది.

ఆయన ఆయాసపడుతుంటే ఎప్పటిలాగే నేనే చెప్పాను. "కంపెనీ పని మేడం."

ఆమె రాసుకుని తర్వాతి ప్రశ్నకు పోయింది.

పెద్ద డాక్టరు ఆపారు. "ఏం కంపెనీ అమ్మా? అక్కడేం చేసేవారు?"

"గ్రానైటు రాళ్లు కోస్తాండె సార్. పదేండ్లు."

అందరూ తలెత్తి నన్నే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మాకు ఏ ఫ్యాక్టరీ అయినా కంపెనీయే. పైగా రాళ్ల పని అంటే చిన్నచూపు చూస్తారని ప్రతి ఆస్పత్రిలో ఆ మాటే చెప్పాను. ఈ పెద్ద డాక్టరు తప్ప ఎవరూ ఇంకేం అడగలేదు.

తిరుగు బస్సులో ఆయన కళ్లు మూసుకునే అన్నారు. "ఆ డాక్టరు పాప ఇంకమీదట 'ఏం కంపెనీ?' అని అడుగుతాదిలే."